బెత్తెడు కిందికి జరిగిన ముడి

ఫిబ్రవరి 4

దీవిలోని సమస్త ప్రజానీకానికి, గొర్రెలకు, ఫాదర్‌గారి మూడుకాళ్ళ కుక్కకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: ఈరోజు పగలు పదకొండు గంటలకు యాభై ఆరేళ్ళ ఫెస్టీ అనబడే నేను నా జీవితంలో మొట్టమొదటి కుట్టు అల్లాను. పదకొండూ రెండు నిమిషాలకు అది సూది మీంచి జారి కాలం చేసింది. పరామర్శకు వచ్చేవారు పూలు తేనక్కర్లేదు. సీసా తేవచ్చు.

ఇది నర్సు ఫినోలా వేసిన శిక్ష. డిసెంబర్లో రేవులో పడవ తాడు కడుతుంటే, పడవకీ రేవుగోడకీ మధ్య నా కుడిచెయ్యి నలిగింది. రేవులో తాడు పట్టడమే నా పని. సముద్రం అవతలి ఒడ్డున గాల్వేలో డాక్టర్లు మూడు వేళ్ళలో తీగలు పెట్టి, మళ్ళీ తీసి, ఇంటికి పంపారు. వేళ్ళు మాత్రం నా మాట వినడం మానేశాయి.

"రోజూ అల్లాలి, రోజూ ఒక పేజీ రాయాలి," అంది ఫినోలా. "లేదంటే ఈస్టర్‌కల్లా ఆ చెయ్యి పీతకాలు అయిపోతుంది."

"రాయడమా? బడి నన్ను తరిమేసి నలభై మూడేళ్ళయింది తల్లీ."

"మరీ మంచిది. ఎవరూ చదవరు."

ఎవరూ చదవరు. ఆ మాట బాగుంది.

అల్లిక నేర్పేది నాబ్లా. ఈ దీవిలో ఇంకెవరూ దొరకలేదా అన్నాను. "ఏం, నాబ్లా అంటే భయమా?" అంది ఫినోలా. నవ్వేశాను.

ఫిబ్రవరి 9

నాబ్లా ఇల్లు పడమటి కొసన. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, వెన్ను ఇంకా తెడ్డులా నిటారుగానే ఉంది. పొయ్యి పక్క గోడకి వరసగా మేకులు, ప్రతి మేకుకీ ఒక ఉన్నిదారం. దీవిలో ప్రతి మగాడి కొలతా అక్కడ వేలాడుతుంది. పోయినవాళ్ళ దారాలు కూడా తియ్యలేదు.

"అది సూదిరా, తెడ్డు కాదు. అంత బలంగా లాగకు."

"నా వేళ్ళు నా మాట వినట్లేదు టీచరమ్మా."

"నీ మాట ఎవరు విన్నారు గనక."

"నువ్వు విన్నావుగా. ఆ ఏడాది నీ మేకకే నల్లరంగేసి నీ వాకిట్లో కట్టేస్తే, ఎవరిదో బక్కమేక తప్పిపోయి వచ్చిందన్నావు."

"అది నా మేకేనని చూడగానే తెలుసు. నువ్వు గోడ వెనక నక్కి నవ్వాపుకోలేక చస్తున్నావు. పాపమని ఊరుకున్నా."

పదిహేనేళ్ళుగా చెప్పుకు తిరుగుతున్న కథ. ఇవాళే తెలిసింది, మేకనయింది నేనేనని.

ఫిబ్రవరి 12

చెయ్యి సలుపుతోంది. పేజీ నింపాలి కాబట్టి అందరికీ తెలిసిన కథే రాస్తాను.

పదకొండేళ్ళ కిందట పిల్లలకి కన్ఫర్మేషన్ అనే చర్చి సంస్కారం ఇవ్వడానికి బిషప్‌గారు వచ్చారు. దీవి తరఫున ఆయనకో స్వెట్టర్ పెట్టాలన్నారు. స్వెట్టర్ అంటే నాబ్లా, ఆమె చెల్లెలు సబీనా. అక్క ఒళ్ళు అల్లుతుంది, చెల్లెలు చేతులు అల్లి రెండూ కలిపి కుడుతుంది. ఇద్దరి చేతివాటం ఎంత ఒకటంటే, ఎవరిది ఎక్కడ మొదలైందో వాళ్ళమ్మే చెప్పలేకపోయేది. ఒకరు పడమటి కొసన, ఒకరు రేవు పక్కన, మధ్య మూడు మైళ్ళు. టేపులు ఎవరు వాడతారు. కొలత దారమే. మొదటి ముడి ఛాతీ, రెండోది పొడవు, మూడోది చెయ్యి. ముడి వేసి ఉమ్మితో తడిపి అరచేతుల మధ్య నలిపితే గింజలా గట్టిపడుతుంది. ఇక అది విప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే దారం చెప్పిన మాటని ఎవరూ అనుమానించరు.

బిషప్‌గారి దారం నాబ్లా సబీనాకి పంపింది. పూజయ్యాక ఆయన స్వెట్టర్ అందరి ముందూ తొడుక్కున్నారు. చేతులు వేళ్ళు దాటి బెత్తెడు వేలాడాయి. మంచివాడు పాపం, ఆ వేలాడే చేతుల్తోనే ఆశీర్వదించారు. ముందు పిల్లలు నవ్వారు. తర్వాత చర్చి అంతా.

మెట్ల మీద నాబ్లా చెల్లెల్ని ఆపింది. "కళ్ళు పోయాయా నీకు?"

"నీ దారం అలాగే ఉంది."

"నా దారం సరిగ్గానే ఉంది. ఏదీ, చూపించు."

"చూపించాలా? నా మాట చాలదా?"

"చాలదు."

ఆ 'చాలదు' తర్వాత ఇద్దరి మధ్యా ఇంకో మాట లేదు. ఐదేళ్ళ కిందట సబీనా మొగుడు మక్దారా పోయాడు. శవం ఇంట్లో ఉన్న రెండు రోజులూ నాబ్లా ఆ గడప తొక్కలేదు. ఇక్కడ శత్రువు పోయినా వెళ్ళి నిలబడతారు.

ఇదీ అందరికీ తెలిసిన కథ.

ఫిబ్రవరి 13

నాకొక్కడికే తెలిసిన ముక్క.

దారం మోసుకెళ్ళింది నేను. దార్లో వాన పట్టుకుంటే గోడ వారగా కూర్చున్నాను. తోచలేదు. తాళ్ళ ముడులు విప్పే ఇనపమేకు ఎప్పుడూ నా జేబులోనే ఉంటుంది. మూడో ముడిని నిదానంగా విప్పి బెత్తెడు కిందికి కట్టాను. సబీనా చూసి "ఈయన బిషప్పా, కొంగా?" అని నవ్వి వెనక్కి పంపుతుందనుకున్నాను. పంపలేదు. అక్క దారాన్ని ప్రశ్నించడం ఆమెకి చేతకాదు.

చర్చిలో అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. అది కూడా రాసుకోవాలిగా.

మర్నాడే చెప్పేసుంటే నవ్వులాటగా పోయేది. వారానికి చెప్పుంటే నాలుగు తిట్లతో పోయేది. ఆ తర్వాత ఆగినకొద్దీ అది పెరిగిపోయింది, నా నోరు పట్టనంత. తేలు కుట్టిన దొంగలా పదకొండేళ్ళుగా జోకులు చెప్పుకుంటూ తిరుగుతున్నాను. నా జోకుల కోసమే ఈ దీవి నన్ను భరిస్తోంది. అది కూడా పోతే నేనెవణ్ణి, తాడు పట్టుకునే అవిటోణ్ణి.

ఫిబ్రవరి 14

నిన్నటి పేజీ చించేద్దామనుకున్నాను. వేళ్ళకి అంత బలం లేదు.

ఫిబ్రవరి 27

ఫినోలా చెప్పింది. సబీనా మే రెండున గాల్వేకి వెళ్ళిపోతోందట, కూతురి దగ్గరికి. ఇల్లు మూసేస్తుందట. కోళ్ళని ఇప్పట్నించే పంచేస్తోంది. మోకాళ్ళు మొరాయించాయి, మళ్ళీ పడవ ఎక్కి రాదు.

నాబ్లాతో అన్నాను, ఏదో వాతావరణం గురించి చెప్పినట్టు.

"అయితే?" అంది.

అందే గానీ, ఆమె సూది మీంచి ఒక కుట్టు జారింది. నాబ్లా చేతిలో కుట్టు జారడం నేను చూడలేదెప్పుడూ. ఆమె కూడా దానివంక అలాగే చూసింది, ఎవరిదో పిల్ల తన ఒళ్ళో పడ్డట్టు.

మార్చి 7

ఇవాళ కొలత దారం కట్టడం నేర్పింది. నా కొలతే. నేను ముడి కాస్త పైకి కట్టాను. "పనికిరాదు. పారేసి ఇంకో దారం తీసుకో," అంది. నేనేమో మాటల్లో పడి జేబులోంచి మేకు తీసి ముడి విప్పేశాను. నలిగిన చేత్తోనే. నర్సు చూసుంటే మురిసిపోయేది.

నాబ్లా కూడా మెచ్చుకుంది. ఇంకేం జరగలేదు.

మార్చి 8

ఏం జరగలేదు.

మార్చి 9

ఏం జరగలేదని నిన్న కూడా రాశాను. నిజమే, ఏం జరగలేదు.

మార్చి 17

దేశమంతా పండగ. పబ్బులో అందరూ "ఒక ముక్క చెప్పరా ఫెస్టీ," అన్నారు. మేక కథ మొదలుపెట్టాను. సగంలో ఆపేశాను. "చెయ్యి నొప్పా?" అని అడిగారు. అవునన్నాను.

ఏప్రిల్ 6

నాకో గొప్ప ఉపాయం తోచింది. సబీనా రాసినట్టు నాబ్లాకి ఒక ఉత్తరం, నాబ్లా రాసినట్టు సబీనాకి ఒక ఉత్తరం. ఇద్దరూ క్షమించమని అడిగినట్టు. ఇద్దరూ ఏడుస్తూ దారి మధ్యలో కలుసుకుంటారు. నా పేరు ఎక్కడా రాదు.

మధ్యాహ్నమంతా కూర్చుని ఒకటి రాశాను. నా పీతకాలుతో రాస్తే పీత రాసినట్టే ఉంది. చదువుకుంటే తెలిసింది, ఇది కూడా ముడి జరపడమే. పొయ్యిలో వేశాను.

మధ్యవేలు ఇవాళ పూర్తిగా వంగింది.

ఏప్రిల్ 24

ఈరోజు పొద్దున్నే లేచి, ఎవరూ చెప్పకుండానే, నా అంతట నేనే ధైర్యంగా సబీనా ఇంటికి వెళ్ళాను.

వంటగదిలో సగం సామాన్లు పెట్టెల్లో ఉన్నాయి. టీ పెడుతోంది.

"రా ఫెస్టీ. పెట్టెలు మొయ్యడానికొచ్చావా? ఆ చేత్తో ఏం మోస్తావు, ఈకలా?"

"ఒక సంగతి చెప్పాలి సబీనా."

"జోకైతే చిన్నది చెప్పు. టీ చల్లారిపోతుంది."

చెప్పాను. చక్కగా, మొదట్నించీ చివరిదాకా, వాన, గోడ, మేకు, అన్నీ. ఫాదర్‌గారి ప్రసంగం కంటే బాగా చెప్పాను.

ఆమె లేచి, అల్మరా పైనుంచి బిస్కెట్ల డబ్బా దించి, అందులోంచి ఆ దారం తీసి బల్ల మీద పెట్టింది. పసుపెక్కిపోయింది. మూడో ముడి నా వంకే చూస్తోంది.

"ఆ సాయంత్రమే చూశాను," అంది. "ఇది పడవవాళ్ళ ముడి. ఆడవాళ్ళు ఇలా కట్టరు. నా ఇంట్లో పడవవాడు ఒక్కడే."

ఆ ముడిని వేలితో నా వైపు జరిపింది.

"మక్దారా తమాషాకి చేశాడనుకున్నాను. అక్కకి చూపిస్తే నా మొగుడి పరువు పోతుంది. అందుకే చూపించలేదు. ఆయన్నీ అడగలేదు. అడిగితే అవునంటాడేమోనని. ఆరేళ్ళు పక్కనే పడుకున్నాను ఫెస్టీ. ఆఖరి రోజుల్లో ఆయనే అడిగాడు, 'నా మీద మనసులో ఏదో పెట్టుకున్నావే, ఏమిటది?' అని. ఏమీ లేదన్నాను."

ఆ ముడి నాకు నేర్పింది మక్దారానే. నాకు పదిహేనేళ్ళున్నప్పుడు, ఇదే రేవు మీద, నా వేళ్ళు పట్టుకుని.

"శవం ఇంట్లో ఉండగా నువ్వొచ్చావు," అంది. "హామ్ తిన్నావు. మేక కథ చెప్పావు. నేను నవ్వాను కూడా. అక్క వస్తుందేమోనని తలుపు వంక చూస్తూ నవ్వాను."

తర్వాత కళ్ళు తుడుచుకుంది. నాకు టీ పోసింది. నా తల మీద చెయ్యి పెట్టి, "పోనీలేరా, తప్పు చెయ్యనివాళ్ళెవరు. వెళ్ళి అక్కకి ఈ దారం ఇవ్వు," అంది. నా గుండె దూదిపింజలా తేలికైంది.

దారం పట్టుకెళ్ళి నాబ్లాకి ఇచ్చాను.

మే 2

సబీనా వెళ్ళిపోయింది. నాబ్లా రేవుకొచ్చింది. అక్కాచెల్లెళ్ళు కావలించుకుని భోరున ఏడ్చారు. నేను తాడు వదల్లేదు, కెప్టెన్ తిట్టాడు, అయినా వదల్లేదు. అందరూ ఏడ్చారు. ఫాదర్‌గారి కుక్క కూడా.

మే 3

చెయ్యి బాగుంది.

మే 16

ఆ పాత దారం ఇచ్చిన ఇరవై రెండు రోజులకి నాబ్లా కబురు పెట్టింది.

"నిలబడు. చెయ్యి చాపు."

"ఉరి తాడుకా కొలత?"

"నోరు ముయ్యి."

మెడ వెనక నుంచి మణికట్టు దాకా దారం పట్టింది. ముడులు వేసింది, ఉమ్మి రాసింది, నలిపింది. నా వైపు వీపు పెట్టి ఇంకాసేపు ఏదో చేసింది. కాగితంలో చుట్టి నా చేతికిచ్చింది.

"పడవలో సబీనాకి పంపు. దీన్ని ముట్టుకున్నావో, ఆ రెండో చెయ్యి నేను విరగ్గొడతాను."

మూడు మైళ్ళు నడిచాను. మేకు జేబులోనే ఉంది. దార్లో వాన పట్టుకుంది. అదే గోడ. ఆగలేదు.

జూన్ 14

పడవలో పొట్లం వచ్చింది. ఉత్తరం లేదు. రెండు స్వెట్టర్ చేతులు, జడ అల్లికతో. నాబ్లా వాటిని ఒళ్ళో పరుచుకుని వేళ్ళతో తడుముతూ చాలాసేపు కూర్చుంది, గుడ్డివాళ్ళు మొహం తడిమినట్టు.

"చేతివాటం మారలేదు," అంది.

ఒళ్ళు అప్పటికే అల్లేసింది. పదకొండేళ్ళ తర్వాత ఆ రెంటినీ కలిపి తనే కుట్టింది. అతుకు ఎక్కడో నేను వెతికాను. కనపళ్ళేదు.

"తొడుక్కో," అంది.

తొడుక్కున్నాను. చేతులు నా వేళ్ళు దాటి బెత్తెడు వేలాడాయి.

"ఇది నువ్వు ముడి జరిపావా, ఆవిడే పొడుగ్గా అల్లిందా?"

"ఎవరు చేసుంటారో నువ్వూ ఒక పదకొండేళ్ళు ఆలోచించుకో," అంది. "పై ఆదివారం పూజకి ఇదే వేసుకొస్తావు. మడిచావంటే చంపుతాను."

జూన్ 22

వేసుకెళ్ళాను. మడవలేదు. ప్రసాదం తీసుకోవడానికి చేతులు బయటపెట్టలేక తంటాలు పడుతుంటే ముందు పిల్లలు నవ్వారు. తర్వాత చర్చి అంతా. "ఏం కొత్త వేషంరా ఇది!" అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు.

పూజయ్యాక మెట్ల మీద నిలబడి చెప్పాను. "దీవిలోని సమస్త ప్రజానీకానికి ఇందుమూలంగా తెలియజేయడమేమనగా," అన్నాను. అందరూ నవ్వడానికి సిద్ధంగా దగ్గరికొచ్చారు. "బిషప్‌గారి దారంలో ముడి జరిపింది నేను. సబీనా తప్పు లేదు. నాబ్లా తప్పు లేదు. మక్దారాది అసలే లేదు."

ఇంకా జోకు రాలేదని కాసేపు చూశారు. రాదని అర్థమయ్యాక ఒక్కొక్కరే మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఫినోలా మాత్రం నా దగ్గరికొచ్చి, వేలాడే చేతిలోంచి నా వేళ్ళు వెతికి పట్టుకుని, "పిడికిలి బిగించు," అంది. బిగించాను. "బాగుంది," అని వెళ్ళిపోయింది.

జూన్ 23

కొట్లో రొట్టె ఇచ్చారు. మాట్లాడలేదు.

జూన్ 29

పుస్తకం అయిపోవచ్చింది. ఎవరూ చదవరని చెప్పినా ఇందులో కూడా అబద్ధాలాడాను. అవేంటో ఇక్కడ రాసేస్తున్నాను.

మార్చి 7న ఏం జరగలేదని రాశాను. జరిగింది. నేను ముడి విప్పగానే నాబ్లా చేతిలో సూదులు ఆగిపోయాయి. "ఇది విప్పొచ్చని నాకు తెలీదు," అంది. "నలభై ఏళ్ళుగా కడుతున్నాను. విప్పడం ఎవరి వల్లా కాదనుకున్నాను." తర్వాత చాలా మెల్లగా, "బిషప్ దారం పట్టుకెళ్ళింది నువ్వు కదూ," అంది. నేనేమన్నానంటే: "మక్దారా చేసుంటాడేమో." చచ్చిపోయినవాడు, నాకు ముడి నేర్పినవాడు. అదే అన్నాను. ఆమె నా వంక చూసింది, నల్లరంగేసిన మేకని చూసినట్టు. "నువ్వే వెళ్ళి దానికి చెప్తావు. ఏప్రిల్ దాటితే నేనే చర్చిలో చెప్తాను," అంది.

కాబట్టి ఏప్రిల్ 24న నా అంతట నేను వెళ్ళడం కల్పితం. గడువుకి వారం ఉందనగా వెళ్ళాను. చక్కగా చెప్పడం కల్పితం. "ముడి నాది," అన్నాను, అంతే వచ్చింది. సబీనా మక్దారా గురించి అన్న మాటలు ఒక్కటీ కల్పించలేదు, నాకంత శక్తి లేదు. నా తల మీద ఆమె చెయ్యి కల్పితం. పోనీలేరా అన్నది కల్పితం, దారం అక్కకిమ్మన్నది మాత్రం నిజం. నాకోసం పోసిన టీ నిజమే, దాన్ని తొట్లో పారబోసింది. తలుపు తెరిచి, నేను వెళ్ళేదాకా తలుపు రెక్క పట్టుకుని నిలబడింది.

మే 2న నాబ్లా రేవుకి రాలేదు. అక్కాచెల్లెళ్ళు కావలించుకోలేదు. తాడు నేనే వదిలాను, చెప్పగానే. కెప్టెన్ తిట్టలేదు. సబీనా ఒకసారి వెనక్కి తిరిగి పడమటి వైపు చూసింది. నాబ్లా తన గుమ్మంలో నిలబడి ఉందని మర్నాడు వేరేవాళ్ళు చెప్పారు. మూడు మైళ్ళ దూరం నుంచి ఏం కనిపిస్తుంది. కుక్క నిద్రపోతోంది.

దారం నిజం, గోడ దగ్గర ఆగకపోవడం నిజం. స్వెట్టర్ నిజం, ఇప్పుడు వేసుకునే రాస్తున్నాను, సిరాలో మునుగుతోంది. సబీనా నన్ను క్షమించిందో లేదో తెలీదు. నాబ్లా క్షమించలేదు. నిన్ననే చెప్పింది, అడక్కుండానే.

నిన్నే ఇంకోటి కూడా అడిగింది, సూదుల మీంచి తల ఎత్తకుండా: "గురువారం గాల్వే వెళ్ళే పడవ మళ్ళీ ఎన్నింటికి తిరిగొస్తుంది?"

ఇది కల్పించలేదు.